పూచీ ఎవరిది? వైద్యంలో కృత్రిమ మేధ, రోగికి అడిగే హక్కు

రోగి మంచం పక్కన నిలబడి పాఠం చెప్పిన ఒక అధ్యాపకుణ్ణి తలచుకునే రోజు ఇది. ఆ మంచం పక్కన ఇకమీదట మనిషి ఎంతవరకు అవసరమన్న ప్రశ్నను ఇదే వేదిక మీద చర్చకు పెట్టడం ఆయన పట్ల గౌరవమేనని భావిస్తున్నాను. ఆ ప్రశ్నకు ఈ స్థలం కూడా తగినదే. ఈ విశ్వవిద్యాలయ క్యాంపస్‌ను ఆనుకొని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. తార్నాక చౌరస్తా దాటి ఉప్పల్ దారి పట్టుకుంటే రసాయన సాంకేతిక సంస్థ, కణ జీవశాస్త్ర కేంద్రం వరసగా వస్తాయి. మనిషి దేహాన్ని గురించిన జ్ఞానం ఇంత దగ్గర దగ్గరగా పోగుపడిన చోటు మన రాష్ట్రంలో మరొకటి లేదనవచ్చు.

ఎక్స్‌రే చూసి క్షయను, కంటి ఫోటో చూసి మధుమేహపు జాడను యంత్రం పట్టేస్తోంది. ఎంత శాతం కచ్చితంగా పడుతుందన్న లెక్కలు మనకు తరచూ వినిపిస్తున్నాయి. ఆ లెక్కలు కావలసినవే. అయితే వాటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ యంత్రం చెప్పిన మాటకు పూచీ ఎవరిది? పూచీ అన్నది అప్పు ఇచ్చేచోట, కోర్టు గుమ్మంలో, పెళ్ళి సంబంధం మాట్లాడేచోట మనవాళ్ళు తరతరాలుగా వాడుతున్న మాట. పూచీ పడిన మనిషికి పేరుంటుంది, ఇల్లుంటుంది, తేడా వస్తే వెళ్ళి తలుపు తట్టవచ్చు. వైద్యం ఇన్నాళ్ళూ అలాంటి పూచీ మీదే నడిచింది. కృత్రిమ మేధ తెచ్చిన నైతిక సమస్యలుగా పక్షపాతం, గోప్యత, సమ్మతి, నష్టపరిహారం అని విడివిడిగా పేర్లు చెబుతున్నాం. అవన్నీ ఈ ఒక్క చోటికే వచ్చి చేరుతాయని, రోగి ‘ఎందుకు’ అని అడిగితే ఆమె భాషలో జవాబు చెప్పడానికి పేరున్న మనిషి ఒకరు ఉండి తీరాలని ఈ రోజు నా వాదన. అందుకు సాక్ష్యం ఎక్కువగా ఈ నేల మీద జరిగిన చరిత్ర నుంచే తీసుకుంటాను.

శస్త్రచికిత్సకు క్లోరోఫాం వాడుతున్న 19వ శతాబ్దపు చివరి దశకాల్లో, మత్తు ఇచ్చిన కొందరు రోగులు బల్ల మీదే హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వాదం ఆనాటి వైద్య లోకాన్ని రెండుగా చీల్చింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్, ఇక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం వహించాడు. 1888లో నిజాం ప్రభుత్వం అండతో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. దాని ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక శంకించింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తామని, మీ ప్రతినిధినే పంపి సరిచూసుకోండని కబురు చేశారు. ఆ పత్రిక ప్రతినిధిగా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు మొదలైన వందలాది జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ఊపిరి ఆగాకే గుండె ఆగుతుందని, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే క్లోరోఫాంతో భయం లేదని కమిషన్ తేల్చింది. ఆ కాలానికి అది సామాన్యమైన సమాచార రాశి కాదు. చేసినవాళ్ళ నిజాయితీని శంకించడానికీ వీల్లేదు. అయినా తీర్పు తప్పింది. తేలికపాటి మత్తులోనే క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు.

ఈ కథను రెండు కారణాల వల్ల కాస్త వివరంగా చెప్పాను. ఉదాహరణలు వందల్లో ఉన్నంత మాత్రాన, అవి అసలు ప్రమాదం ఎదురయ్యే పరిస్థితికి సంబంధించినవి కాకపోతే, పరిమాణం తప్పును తగ్గించదు. తప్పు మీద నమ్మకాన్ని మాత్రం పెంచుతుంది. నేటి యంత్రాలు లక్షల చిత్రాలతో నేర్చుకున్నాయని విన్నప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండో కారణం నాకు మరింత ముఖ్యం. హైదరాబాదు కమిషన్ తన పద్ధతిని, పరీక్షలను అచ్చువేసి లోకం ముందు పెట్టింది. లారీ తన పేరుతో వాదించాడు. తప్పు చేసింది ఎవరో, ఎలాగో తెలుసు కనుకనే దాన్ని దిద్దడం సాధ్యమైంది. దిద్దడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది, ఈలోగా ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్క లేదు. అయినా దారి తెరిచే ఉంది. ఇవాళ ఆసుపత్రికి అమ్మే సాఫ్ట్‌వేరు చాలావరకు వ్యాపార రహస్యం. ఏ రోగుల సమాచారంతో నేర్చుకుందో, ఎవరి విషయంలో తప్పుతుందో కొన్న ఆసుపత్రికే తెలియకపోవచ్చు. పద్ధతిని దాచిపెట్టి ఫలితాన్ని మాత్రం నమ్మమనడం, 1889 నాటి కమిషన్ పాటించిన మర్యాద కన్నా కిందికి దిగడమే.

బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఈ విశ్వవిద్యాలయం అధీనంలోనే ఉంది. 1897 ఆగస్టు 20న మలేరియా క్రిమిని దోమ పొట్టలో ఆయన చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అణా చాలదని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. తనను దోమ కుడుతోందని, అందుకు కూలి దక్కుతోందని హుసేన్ ఖాన్‌కు తెలుసు. 2016లో కంటి తెర ఫోటోల నుంచి మధుమేహ రెటినోపతిని గుర్తించే గూగుల్ పరిశోధన వెలువడింది. దానికి అమెరికా సమాచారంతో పాటు మదురై, చెన్నై, బెంగళూరు కంటి ఆసుపత్రుల ఫోటోలూ తోడ్పడ్డాయి. పేర్లు తీసేసి వాడారు, పరిశోధన మంచి పనికే. కానీ చూపు మసకబారిందని వచ్చి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చున్న మనిషికి తన కన్ను మరో యంత్రానికి పాఠం అవుతుందని ఊహకైనా రాదు. సమాచారం ఇచ్చినవారికి, దానితో ఎదిగినవారికి మధ్య ఏ బాధ్యతా మిగలకపోవడం చట్టరీత్యా చెల్లవచ్చు. అది న్యాయమని నేను ఒప్పుకోలేను.

ఆ పరిశోధన తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. అదే కోవ యంత్రాన్ని థాయ్‌లాండ్ క్లినిక్‌లలో పెట్టి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది. నర్సులు తీసిన ఫోటోల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదని యంత్రం తోసిపుచ్చింది. గదిలో వెలుతురు సరిగా లేదు, ఇంటర్నెట్ నెమ్మది. ఫోటో కుదరని రోగులను మరో రోజు, మరో చోటికి వెళ్ళమనాల్సి వచ్చింది. దినకూలి మానుకుని బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ మాట ఖరీదు ఎంతో మన జిల్లా ఆసుపత్రులు తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ఒక దేహం నుంచి నేర్చుకున్నది మరో దేహానికి అచ్చంగా వర్తించదన్న సత్యాన్ని ఈ పరిసరాలు చాలాకాలం కిందటే కనుక్కున్నాయి. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి, 1950ల చివర తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. పెల్లగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని పాశ్చాత్య వైద్యగ్రంథాల మాట. దక్కనులో జొన్నరొట్టె, జొన్నసంకటి తినే పేదలు అదే చర్మపు మచ్చలతో, అదే మతి చలనంతో ఆసుపత్రికి వచ్చేవారు. ఆ జబ్బును ఆపే నయాసిన్ విటమిన్ జొన్నలో మరీ తక్కువేమీ కాదు, పుస్తకం ప్రకారం వాళ్ళకు ఆ జబ్బు రాకూడదు. ఇక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య పుస్తకాన్ని పక్కనపెట్టి రోగిని నమ్మారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి, అది వేరే సంగతి. పుస్తకంలో లేని రోగి గుమ్మంలో నిలబడితే తప్పు పుస్తకానిదేమోనని అనుమానించే మనిషి అక్కడ ఉండడం అసలు విషయం. యంత్రానికి ఆ అనుమానం రాదు. తను చూసిన వాటిలో దగ్గరగా ఉన్న గడిలోకి కొత్త రోగిని నెట్టి, అదే ధీమాతో జవాబు చెబుతుంది.

యంత్రం ఏది చూసి నేర్చుకుంటుందన్నది ఇంకా లోతుగా చూడాలి. అమెరికాలో కోట్లాది మందికి వర్తించే తరహా లెక్క ఒకటి, ఎవరికి అదనపు వైద్యసేవ కావాలో తేల్చడానికి, గతంలో ఎవరి వైద్యానికి ఎంత ఖర్చయిందన్నదాన్ని కొలమానంగా పెట్టుకుంది. ఒకే మార్కు వచ్చిన తెల్లజాతివారికన్నా నల్లజాతివారు ఎక్కువ జబ్బుతో ఉన్నారని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన బయటపెట్టింది. జబ్బు తక్కువై కాదు, వైద్యం అందక వారి మీద ఖర్చు తక్కువైంది. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం దగ్గర పేదల శస్త్రచికిత్సల సమాచారం అపారంగా ఉంది. కృత్రిమ మేధకు అంతకన్నా మంచి బడి ఉండదని ఎవరికైనా తోస్తుంది. కానీ ఆ సమాచారం ఆసుపత్రి దాకా వచ్చి, బిల్లు మంజూరైన జబ్బులది. వాగు పొంగి దాటలేక గూడెంలోనే ఉండిపోయిన గర్భిణి అందులో లేదు. తోడు వచ్చేవాళ్ళు లేక నొప్పి ఓర్చుకున్న ముసలమ్మ లేదు. ఆ బడిలో చదివిన యంత్రం దృష్టిలో ఆ గూడెం ఆరోగ్యంగా ఉన్న గూడెం. దాని సలహా విని వచ్చే ఏడాది నిధులు పంచితే, లేమి లెక్కల్లోకెక్కి, లెక్కలు మళ్ళీ లేమిని పెంచుతాయి.

సమ్మతి దగ్గరికి వస్తే మన చరిత్రలో మానని గాయం ఒకటుంది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకాను 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు వేసే కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. సుమారు 14 వేల మంది బాలికలు, వారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, టీకా మేలైనదే. తప్పు జరిగింది సంతకం దగ్గర. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 మీద సంతకం చేసింది హాస్టలు వార్డెన్లు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు, కొన్ని మైళ్ళ దూరంలో. వాళ్ళను అడగడానికి పట్టే సమయం ఎవరికో ఎక్కువనిపించింది. ఇప్పుడు సెల్‌ఫోను తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట వేలు నొక్కించేటప్పుడు, ఆ నొక్కేది పక్కింటి కుర్రాడో, ఆసుపత్రి కౌంటరు ఉద్యోగో అయినప్పుడు, మనం కొత్త వార్డెన్లను తయారు చేస్తున్నామని నా ఆందోళన.

పూచీ లేని లెక్క ఏం చేయగలదో చూడడానికి వైద్యశాల దాకా కూడా వెళ్ళనక్కరలేదు. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. కార్డుదారుల ఇంటికి వెళ్ళి విచారించకుండా, నోటీసు ఇవ్వకుండా, కంప్యూటరు లెక్కల ఆధారంగా తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ సరిచూడమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. తెల్ల కార్డు అప్పట్లో మన దగ్గర బియ్యానికే కాదు, ఆరోగ్యశ్రీ చికిత్సకూ తాళంచెవిగా ఉండేది. డీలరును అడిగితే సిస్టంలో పేరు లేదంటాడు, తహసీల్దారు కార్యాలయంలో అడిగితే పైనుంచి వచ్చిందంటారు. ‘సిస్టం’ అన్న మాటకు తెలుగులో ఇప్పుడు స్థిరపడిన అర్థం, తలుపు లేని గోడ. అదే మాట ఆసుపత్రి వరండాలో వినిపించే రోజు రాకూడదు.

భాష సంగతి ఈ క్యాంపస్‌లో ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగు రోగి తన బాధ చెప్పుకునే మాటలు వైద్యగ్రంథపు మాటలు కావు. వేడి చేసింది, పైత్యం చేసింది, కాళ్ళు పీకుతున్నాయి, గుండెల్లో మంట, పానం మంచిగ లేదు, సోయి తప్పింది, దమ్ము వస్తోంది. వీటిలో ఒక్కొక్క మాట ఊరిని బట్టి, వయసును బట్టి వేరు వేరు జబ్బులకు గుర్తు. ‘గుండెల్లో మంట’ పుల్లటి త్రేన్పూ కావచ్చు, గుండెపోటుకు తొలి సూచనా కావచ్చు. ఎన్నాళ్ళనుంచి, మెట్లెక్కితే పెరుగుతోందా, ఎడమచెయ్యి లాగుతోందా అని మనిషి అడిగి రాబడతాడు. ముఖ్యంగా ఇంగ్లీషు మాటలతో పెరిగిన యంత్రం ఆ మాటను అనువాదం చేసుకుని, అనువాదానికి జవాబు చెబుతుంది. అనువాదంలో జారిపోయింది రోగికి తెలియదు, యంత్రానికీ తెలియదు.

ఇక అభ్యంతరాలకు వస్తాను. వాటిలో బలమైనవే ఎంచుకున్నాను. డాక్టరే లేనిచోట ఈ పట్టింపులన్నీ ఎందుకు, ఏమీ లేనిదానికన్నా యంత్రం మేలు కదా అని అంటారు. ఇది తేలిగ్గా తోసేసే మాట కాదు. క్షయ పరీక్షలో 15 ఏళ్ళు దాటినవారి ఎక్స్‌రేలను కంప్యూటరు చదవవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒప్పుకుంది. స్వీడన్‌లో 80 వేల మంది మహిళల మీద జరిగిన రొమ్ము క్యాన్సరు పరీక్షల్లో, యంత్రం తోడుంటే రేడియాలజిస్టుల చదివే పని 44 శాతం తగ్గిందని, క్యాన్సరును పట్టడంలో వెనకబడలేదని 2023లో తేలింది. ఈ మేలును మన పల్లెలకు అందకుండా ఆపాలని నేను అనను. ఆ స్వీడన్ ప్రయోగంలో కూడా ఆఖరి మాట రేడియాలజిస్టుదే అని మాత్రం గుర్తుచేస్తాను. నగరంలో యంత్రం వెనుక డాక్టరు, పల్లెలో ఒట్టి యంత్రం అనే ఏర్పాటు స్థిరపడితే, కొరతకు చేసిన తాత్కాలిక సర్దుబాటు పేదవాడికి శాశ్వత వైద్యమైపోతుంది. ఏమీ లేనిదానికన్నా మేలు అన్న కొలత ఎప్పుడూ పేదవాడి విషయంలోనే ఎందుకు బయటికి వస్తుందో ఆలోచించాలి.

డాక్టర్లు మాత్రం తప్పు చేయరా, తమ నిర్ణయానికి కారణం వాళ్ళకైనా పూర్తిగా తెలుసా అన్నది మరో అభ్యంతరం. చేస్తారు, కొన్నిసార్లు తెలియదు. కానీ డాక్టరు తప్పుకు మన సమాజం మెల్లగా కొన్ని దారులు కట్టుకుంది. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు ఇచ్చినట్టు కాదని, తగినంత వివరం చెప్పి తీసుకున్నదే సమ్మతి అని 2008లో చెప్పింది. మందుల చీటీ మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. యంత్రం తప్పుకు అలాంటి దారి ఇంకా లేదు. సాధారణంగా జరుగుతున్నది, తుది నిర్ణయం వైద్యుడిదే అని అడుగున ఒక వాక్యం రాసి, భారమంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పొద్దున్నుంచి ఓపీ చూస్తున్న యువ డాక్టరు మీదకు తోసెయ్యడం. అడగడానికి, కాదనడానికి ఆమెకు తీరిక లేదు. యంత్రం పక్కనుంటే చూపు మొద్దుబారుతుందన్న సాక్ష్యమూ వస్తోంది. పోలండ్‌లో పేగు పరీక్షల్లో యంత్రం సాయానికి అలవాటుపడిన వైద్యులు, ఆ సాయం లేనప్పుడు ముందు 28.4 శాతం మందిలో పట్టిన గడ్డలను తర్వాత 22.4 శాతం మందిలోనే పట్టారని 2025లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. తన కన్నును కోల్పోతున్న మనిషి చేత పూచీ రాయించుకోవడం న్యాయం కాదు. యంత్రాన్ని అమ్మినవారు, కొన్నవారు, వాడమన్నవారు అందులో పాలుపంచుకోవాలి.

చివరి అభ్యంతరం మన సంస్కృతి నుంచే వస్తుంది. మన రోగులకు ఈ వివరాలన్నీ అక్కర్లేదు, ‘మీ చేతుల్లో పెట్టాం, మీరే చూడండి డాక్టరుగారూ’ అంటారు గదా అని. అంటారు. ఆ మాటను అజ్ఞానంగా లెక్కించడం పొరపాటని నా అభిప్రాయం. చేతుల్లో పెట్టడం అంటే ఒక మనిషిని చూసి, తూచి, పూచీ అప్పగించడం. ఎవరి చేతులో తెలియనప్పుడు ఆ మాటకు అర్థమే పోతుంది. డాక్టరుగారి చేతుల్లో పెట్టామనుకుని కంపెనీ సర్వరులో పెట్టి వెళ్ళే మనిషికి ఆ సంగతి చెప్పకపోవడం నమ్మకద్రోహం. తార్నాక ఆర్టీసీ ఆసుపత్రి లాంటి చోట్ల ఈ ప్రశ్న మరింత సున్నితం. అక్కడ వైద్యం చేయించేదీ, ఉద్యోగం ఇచ్చేదీ ఒకే సంస్థ. అక్కడ ఎవరో తప్పు చేస్తున్నారని కాదు. డ్రైవరు రక్తపోటు, నిద్ర, చూపు అన్నీ ఒక లెక్కలోకి చేరి, రేపు గుండెపోటు రావచ్చునని యంత్రం అంటే, అది అతనికి మందు రాసే డాక్టరుకు చేరాలా, డ్యూటీ వేసే అధికారికి చేరాలా అన్నది యంత్రం కొనకముందే తేలాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో కృత్రిమ మేధకు నైతిక మార్గదర్శకాలు ప్రచురించింది. స్వయంనిర్ణయం, భద్రత, గోప్యత, జవాబుదారీతనం, సమానత్వం అన్నీ అందులో ఉన్నాయి. అదే ఏడాది వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ వచ్చింది. అవి మంచి పత్రాలు. ఖమ్మం నాటికీ మంచి పత్రాలున్నాయి. అందుకే నేను కోరేది పత్రం కన్నా చిన్నది, అమలు చేస్తున్నారో లేదో కంటితో చూడగలిగేది. ప్రభుత్వ ఆసుపత్రిలో పెట్టే ప్రతి యంత్రాన్ని ముందు ఇక్కడి రోగుల మీద, ఇక్కడి వెలుతురులో, ఇక్కడి కరెంటుతో పరీక్షించి, ఎవరి విషయంలో తప్పిందో అచ్చువేసి బయటపెట్టాలి. యంత్రం కాదన్న మనిషిని మరో మనిషి చూడాలని నియమం ఉండాలి. రోగి చేతికి ఒక చీటీ ఇవ్వాలి. అందులో మూడు వాక్యాలు చాలు. మీ ఫోటోను ముందుగా యంత్రం చూసింది. దాన్ని సరిచూసి నిర్ణయం చెప్పిన డాక్టరు పేరు ఇది. మీకు సందేహం ఉంటే ఫలానా గదికి వచ్చి అడగవచ్చు.

1917లో ఈ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడే దానికి తోడుగా అనువాద సంస్థ దారుల్ తర్జుమా పుట్టింది. ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో చెప్పవచ్చునని నిరూపించి, వైద్యాన్ని సైతం ఆ భాషలో బోధించిన చోటు ఇది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో ఆ పనికి పూనుకుంది. అంత పరిభాష సృష్టించిన నగరానికి ఆ మూడు వాక్యాలు కష్టం కాదు. తెలుగులో, ఉర్దూలో ఈ వారమే రాయవచ్చు. గోండీలో, కోయలో ఎలా రాయాలో, చదవలేనివారికి ఎవరు ఏ స్వరంతో చెప్పాలో భద్రాచలం గూడేలకు వెళ్ళి, టీకా కార్యక్రమం జరిగిన ఆ హాస్టళ్ళలో చదివి ఇప్పుడు తల్లులైనవారిని అడిగి తెలుసుకోవాలి. భాషాశాఖల ఆచార్యులు, పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ సభలోనే పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆ మొదటి చీటీ చిత్తుప్రతిని వారు కలిసి రాయాలని కోరుతున్నాను.